ఫాంటసీ ర్యాంకుల కేసును తిరుపతికి బదిలీ చేయాలి

దేశంలో తేలని వివాదాలు బోలెడు. నదీజలాలవి ఉన్నాయి, సరిహద్దులవి ఉన్నాయి, వాటికి ట్రిబ్యునళ్లూ ఉన్నాయి. దిక్కూ మొక్కూ లేకుండా మిగిలిపోయిన వివాదం ఒక్కటే: ఫాంటసీ నవలల సిరీసుల్లో ఏది మొదటిది, ఏది రెండోది? 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ పక్కన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన మార్టిన్‌ను కూర్చోబెట్టాలా, 'మిస్ట్‌బార్న్' రాసిన శాండర్సన్‌నా? హ్యారీ పాటర్‌కు పెద్దల పంక్తిలో ఆకు వేయాలా, పిల్లలతో పాటు ముందే పెట్టి పంపేయాలా? తిరుపతి బాలాజీ కాలనీ టీ అంగళ్ల దగ్గర రాత్రి తొమ్మిది దాటితే యూనివర్సిటీ కుర్రాళ్ల మధ్య ఈ కేసు రోజూ పిలుపుకొస్తుంది, రోజూ వాయిదా పడుతుంది. "పదో పుస్తకం సదివినావానా నువ్వు? సదవకుండా ఎట్ల మాట్లాడతావు?" అని మొదలై, "నీకు టేస్టు లేదు పోబ్బా" అని ముగుస్తుంది. టీ డబ్బులు ఎవరిస్తారన్నదీ తేలదు.

ఈ కేసును శాశ్వతంగా తిరుపతికి బదిలీ చేయాలని మా విన్నపం. ప్రాంతీయాభిమానం అనుకునేరు, అర్హతలు చూడండి. సర్వదర్శనం కంపార్ట్‌మెంటులో కూర్చుని, ఇచ్చిన పాలు తాగి, పెట్టిన ఉప్మా తిని, గేటు ఎప్పుడు తీస్తారో అడగకుండా గోవిందా అనుకోగల జనం మధ్య ఉన్న ఊరిది. ఇక్కడి స్వామే పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పుకు కలియుగాంతం దాకా వడ్డీ కడుతున్నాడు. అసలెప్పుడు తీరుతుందని భక్తుల్లో ఒక్కరూ నిలదీయలేదు. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు గుడిలోనే ఓ అరలో శతాబ్దాల పాటు ఉండి 1922లో బయటపడ్డాయి. అటువంటి ఊరి ముందు నిలబడి, 2011 తర్వాత మార్టిన్ ఆరో సంపుటం రాలేదని వాపోతే ఎవరికి జాలి పుడుతుంది? టోల్కీన్ మూడు సంపుటాల్లో మొదటిది వెలువడిందీ, ఎస్వీ యూనివర్సిటీ పుట్టిందీ ఒకే ఏడాది, 1954లో. ఇది సాక్ష్యంగా చెల్లదని తెలుసు. రికార్డులో ఉండనివ్వండి.

అసంపూర్ణ సిరీసుల మీద తెలుగువాళ్లకున్నంత అనుభవం ఇంకెవరికీ లేదన్నది అసలు వాదన. నన్నయ పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి, ఆ మిగిలిన సగం జోలికి పోకుండా విరాటపర్వం దగ్గర అందుకుని పదిహేను పర్వాలు ముగించేశాడు. నడుమ ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూడ్చాడు. అదీ ఎట్లా? నన్నయే రాసినట్టుగా, నన్నయ అంకితమిచ్చిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేసి. అంటే మూడో భాగం సగంలో తెగిపోయి, నాలుగో భాగం నుంచి చివరిదాకా పూర్తయి ఉన్న సిరీస్‌ను మనవాళ్లు తరాల తరబడి చదువుకున్నారు. రచయితను తిట్టి ఉత్తరాలు రాసినట్టు ఎక్కడా శాసనాల్లేవు.

'వీల్ ఆఫ్ టైమ్' అభిమానులు తమ కష్టం లోకంలో ఎవరికీ రాలేదన్నట్టు మాట్లాడతారు. రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టి, పదకొండు సంపుటాలు తెచ్చి, 2007లో కన్నుమూశాడు. ఆయన భార్య, ఎడిటర్ కూడా అయిన హ్యారియట్, ఆయన వదిలివెళ్లిన నోట్సును బ్రాండన్ శాండర్సన్ చేతిలో పెట్టింది. ఒక్క పుస్తకంలో ముగుస్తుందన్న కథ మూడయింది: 2009, 2010, 2013. జోర్డాన్ పోయిన ఆరేళ్లలోపే పూర్తి. మన లెక్కలో ఇది తత్కాల్ టికెట్.

ఇక విచారణ పద్ధతి. వాదించేవాడు తను చదివిన ప్రతిని వెంట తేవాలి. వెయ్యి పేజీల పేపర్‌బ్యాక్ వెన్ను అబద్ధమాడదు. చదివినకొద్దీ వెన్ను మీద ముందట్ట వైపు నుంచి నిలువుగా మడతగీతలు పడుతూ పోతాయి. ఆ గీతలు సగంలో ఆగి, వెనకట్ట వైపు అంగట్లో కొన్నప్పటి నునుపు అట్లాగే ఉంటే వాది కూడా అక్కడే ఆగాడని అర్థం. ఇంకా అనుమానముంటే పుస్తకం మూసి పక్క అంచు చూడండి. చేతి చెమటకు మాసిన పేజీలకూ, తెల్లగా మిగిలిన పేజీలకూ మధ్య సరిహద్దు స్పష్టంగా కనిపిస్తుంది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'కు ఆ సరిహద్దు ఎక్కువగా మొదటి సంపుటంలో ఎల్రాండ్ సభ దగ్గరే ఉంటుంది. అక్కడ అందరూ కూర్చుని ఉంగరం పూర్వాపరాలు మాట్లాడుతూనే ఉంటారు. పంచాయతీ మీటింగులకు అలవాటుపడ్డవాళ్లు గట్టెక్కుతారు, మిగిలినవాళ్లు సినిమాకు పోతారు.

సినిమా చూసి వాదానికి వచ్చినవాళ్లను పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. టోల్కీన్ వీరాభిమానిని టామ్ బాంబడిల్ ఎవరని అడగండి. పాటర్ పండితుణ్ణి పీవ్స్ చేసే అల్లరి చెప్పమనండి. మార్టిన్ మనిషినైతే లేడీ స్టోన్‌హార్ట్ గురించి. ఈ ముగ్గురూ పుస్తకాల్లో ఉన్నారు, వాటి నుంచి తీసిన ఆ సినిమాల్లో గానీ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్లో గానీ లేరు. "వాళ్లు అంత ముఖ్యం కాదులేనా" అన్నాడా, కేసు డిస్మిస్.

ప్రతిని తెమ్మనడంలో ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర ఎక్కువగా దొరికేవి బ్రిటిష్ పేపర్‌బ్యాకులు. వాళ్లు లావు పుస్తకాలను రెండుగా కోసి అమ్ముతారు. మార్టిన్ మూడో పుస్తకం 'స్టీల్ అండ్ స్నో', 'బ్లడ్ అండ్ గోల్డ్' అని రెండయింది. ఐదోది కూడా అంతే. అందుకే ఐదు పుస్తకాల సిరీస్ అరలో ఏడుగా కనిపిస్తుంది. శాండర్సన్ 'వే ఆఫ్ కింగ్స్'దీ ఇదే గతి. మూడో పుస్తకం మొదటి సగమే చదివినవాడు "మార్టిన్ మరీ అంత క్రూరుడేం కాదబ్బా" అని తీర్పు చెబుతాడు. తప్పు పట్టలేం, నెత్తురు పారే ఆ 'రెడ్ వెడ్డింగ్' పెళ్లి రెండో సగంలో ఉంది. కనుక 'ఎన్నో పుస్తకం' అని కాకుండా వెన్ను మీది పేరు అడిగి రాసుకోవాలి. ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ ప్రింటైతే మరో జాగ్రత్త: పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు కుట్టేసి, మరొకటి వదిలేసి ఉండొచ్చు. దాన్ని చదివి "రచయిత కాలచక్రాన్ని భలే తిప్పినాడు" అని మెచ్చుకున్న విమర్శ చెల్లదు.

మార్టిన్ కథ ఎక్కడ చిక్కుపడిందో చిత్తూరోళ్లకు చెప్పడం తేలిక. 2022 ఏప్రిల్‌లో మన జిల్లాను విడగొట్టారు కదా: తిరుపతి ఒక వైపు, చిత్తూరు ఒక వైపు, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి. మార్టిన్ చేసిన పనీ అదే. మూడో పుస్తకం తర్వాత కథను ఐదేళ్లు ముందుకు దూకిద్దామనుకుని, కుదరక మానుకున్నాడు. దాటేద్దామనుకున్న సంగతులన్నీ రాయబోతే పుస్తకం పట్టలేదు. కాలాన్ని బట్టి కాకుండా ప్రాంతాన్ని బట్టి కోశాడు. రాజధాని, దక్షిణం, దీవులు 2005 నాటి నాలుగో పుస్తకంలోకి పోయాయి. ఉత్తరపు గోడ, సముద్రానికి ఆవలి దేశాలు ఐదో దానికి మిగిలాయి. మిగతా సగం వచ్చే ఏడాదే వస్తుందని ఆశిస్తున్నట్టు నాలుగో పుస్తకం చివర రాశాడు కూడా. వచ్చింది 2011లో. ముఖ్యపాత్రలైన టిరియన్, డెనేరిస్, జాన్ స్నోల అధ్యాయాల కోసం 2000 నుంచి కూర్చున్నవాళ్లకు పదకొండేళ్లు పట్టింది. ఈ రెండు పుస్తకాల అధ్యాయాలను కాలక్రమంలో కలిపి చదివే పట్టికలు అభిమానులు తయారుచేశారు. రెండోసారి చదివేవాళ్లకు అవి పనికొస్తాయి. మొదటిసారే వాటి ప్రకారం చదివితే చదువు పోయి రెవెన్యూ రికార్డులు సరిచూసుకోవడం అవుతుంది.

చదివే వరస అంటే గుర్తొచ్చింది, నార్నియా వాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టాలి. ఏడు పుస్తకాలకు రెండు వర్గాలు. 1950లో మొదట వచ్చిన బీరువా పుస్తకం 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'తో మొదలుపెట్టాలని ఒకరు, 1955లో ఆరోదిగా వచ్చినా కథాకాలంలో మొదటిదైన 'మెజీషియన్స్ నెఫ్యూ'తో అని ఒకరు. రచయిత సి.ఎస్. లూయిస్ ఒక పిల్లాడికి రాసిన ఉత్తరంలో కథాకాలం వరసే నచ్చిందన్నాడు, 1994 నుంచి ప్రచురణకర్తలు ఆ నంబర్లే వేస్తున్నారు. అయినా బీరువాతోనే మొదలుపెట్టండి. తలుపు తెరవగానే లోపల మంచు కనిపించడమే అక్కడి మజా. దానికి ముందే ఆ బీరువా చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తే ఇంకేముంది?

మంత్రవిద్య దగ్గర మన వాదుల్లో ఇంజనీరింగ్ చదివినవాళ్లు రెచ్చిపోతారు. మంత్రంతో చిక్కు విప్పాలంటే ఆ మంత్రం ఎట్లా పనిచేస్తుందో పాఠకుడికి ముందే తెలియాలన్నది శాండర్సన్ సూత్రం. ఆయన 'మిస్ట్‌బార్న్'లో ఉక్కు మింగితే లోహాన్ని నెట్టగలరు, ఇనుము మింగితే లాగగలరు. నాణెం కింద పడేసి నెడితే మనిషి పైకి లేస్తాడు. తనకంటే బరువైనదాన్ని నెడితే తానే వెనక్కి పోయి పడతాడు. టోల్కీన్ మాంత్రికుడు గాండాల్ఫ్ శక్తికి ఇట్లాంటి కొలతలేవీ లేవు, అందుకే ఇంజనీర్లకు ఆయన మీద నమ్మకం తక్కువ. పాటర్ పక్షం, విలన్ వోల్డెమార్ట్ తన ఆత్మను ఏడు ముక్కలు చేసి దాచడాన్ని కొత్త ఊహగా సమర్పిస్తుంది. బాలనాగమ్మ కథ విన్న మన అవ్వలు దీన్ని అక్కడికక్కడే కొట్టేస్తారు. ప్రాణాన్ని చిలుకలో పెట్టి ఏడు సముద్రాల అవతల దాచిన మాయల ఫకీరుకు ప్రతి ఒక్కటే, బ్యాకప్ లేదు. వోల్డెమార్ట్ బ్యాకప్పులు తీసుకున్నాడు గానీ బంగారు గిన్నె, లాకెట్టు, కిరీటం అని ప్రసిద్ధ వస్తువులే ఎంచుకున్నాడు. గుర్తుపట్టకుండా దాచాలన్న ఇంగితం ఫకీరుకే ఉంది.

మరి పొడుగు? 'వీల్ ఆఫ్ టైమ్'లో ఎనిమిది నుంచి పది దాకా కథ బురదలో దిగిన ఎడ్లబండి. కారణమూ ఉంది. తొమ్మిదో దాని చివర ఒక పెద్ద ఘటన జరుగుతుంది. పదోదాంట్లో చాలా భాగం అదే సమయంలో మిగతావాళ్లు ఎక్కడ ఏం చేస్తున్నారో చెప్పడానికే సరిపోతుంది. కథకు ముందడుగు పడదు. అక్కడ అధ్యాయాల సారాంశాలు చదివి పదకొండులోకి దూకండి, ఏ పాపమూ అంటదు. గుణాఢ్యుడి కథ తెలుసుగా. బృహత్కథ ఏడు లక్షల శ్లోకాలు రాస్తే రాజు కాదన్నాడు. అడవిలో ఒక్కో ఆకూ చదివి నిప్పులో వేశాడు, ఆరు లక్షలు కాలిపోయాయి. మృగాలు మేత మాని కన్నీళ్లతో విన్నాయట. రచయితే నిప్పంటించుకున్నా కూర్చుని వినే పాఠకులు ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు.

మా తాత్కాలిక తీర్పు. మొదటి స్థానం ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ'కి. 1968 నుంచి 2001 దాకా ఆరు పుస్తకాలు, అన్నీ సన్నవి, పడుకుని చదివినా మణికట్టు నొప్పెట్టదు. 1990లో నాలుగోదాని మీద 'చివరి పుస్తకం' అని వేసి, తర్వాత ఇంకో రెండు తెచ్చినందుకు మందలించి వదిలేస్తున్నాం. రెండోది టోల్కీన్, అనుబంధాలతో సహా. మూడోది టెర్రీ ప్రాచెట్ రాసిన నలభై ఒక్క పుస్తకాల 'డిస్క్‌వరల్డ్', అయితే 1983 నాటి మొదటిదానితో కాకుండా 1989 నాటి 'గార్డ్స్! గార్డ్స్!'తో మొదలుపెట్టాలి. స్టీవెన్ ఎరిక్సన్ 'మలాజాన్' పది పుస్తకాలూ నాలుగో స్థానానికి. మొదటి పుస్తకంలో ఏమీ అర్థం కావడం లేదంటే అది పాఠకుడి తప్పు కాదు, రెండోది సగం దాకా ఓపిక పట్టాలి. మార్టిన్‌కు ర్యాంకు ఇవ్వడం లేదు, కంపార్ట్‌మెంటు కేటాయిస్తున్నాం. పాలు, ఉప్మా వస్తాయి.

అభ్యంతరాలు వినడానికి రెండు రోజులు. మొదటి రోజు వెన్నులు విరిగిన పేపర్‌బ్యాకుల వాళ్లు. ఆడియోబుక్కులు రెండింతల వేగంతో విన్నవాళ్లు రెండో రోజు, వాళ్లకు వాదించడానికి సగం టైమే. మిగిలింది ప్యాట్రిక్ రాత్ఫస్ అభిమానులు. వాళ్ల కథానాయకుడు క్వోత్ తన కథను మూడు రోజుల్లో చెబుతానన్నాడు, ఒక్కో రోజుకు ఒక్కో పుస్తకం. 2007లో మొదటి రోజు, 2011లో రెండో రోజు గడిచాయి. వాళ్ల విచారణ మూడో రోజున.