మా నాన్నకు కోటు తొడిగిన మహానుభావులకు

ఇప్పుడే స్టూడియో నుంచి వచ్చాను. చెప్పులు కూడా విడవకుండా కూర్చుని రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

ఎల్లుండి మా నాన్న సంవత్సరీకం. గోడకు పెట్టడానికి ఒక పెద్ద ఫోటో ఫ్రేము కట్టించాలని మూడు రోజుల క్రితం పెన్‌డ్రైవ్ ఇచ్చి వచ్చాను. ఫోటో నేను తీసిందే. "ఏమీ చేయొద్దు బాబూ, ఉన్నది ఉన్నట్టు ప్రింటు వేయి చాలు" అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపాడు. ఈరోజు వెళితే కాగితం విప్పి నా ముందు ఎవరో పెద్దమనిషిని నిలబెట్టాడు. నీలం కోటు, ఎర్ర టై, గులాబీ బుగ్గలు, వెనక మబ్బులు, మబ్బుల సందుల్లోంచి కిరణాలు. ఏ ఎమ్మెల్సీ అభ్యర్థి ఫ్లెక్సీ బొమ్మో పొరపాటున నా కవరులో పెట్టాడనుకున్నాను.

"మీ నాన్నగారే అక్కా. కొంచెం టచింగ్ చేశాను. దానికి వేరే డబ్బులేమీ వద్దులే" అన్నాడు, దానం చేస్తున్న ముఖం పెట్టి.

కొంచెమట! మా నాన్న ఎడమ ముక్కుపుటం పక్కన మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉంటుంది. అది లేదు. నుదుటి మీద మూడు గీతలుంటాయి. అవి లేవు. రంగు సంగతి సరే సరి. మా నాన్న నలుపు. పెళ్ళి సంబంధాల వాళ్ళు మొహమాటపడి అనే చామనఛాయ కాదు, నలుపు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ కండక్టరుగా రేపల్లె, తెనాలి, గుంటూరు రోడ్ల మీద ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి సంపాదించుకున్న నలుపు. దాన్ని ఈ అబ్బాయి మౌస్ పట్టుకుని రెండు నిమిషాల్లో కడిగేశాడు.

అవన్నీ ఒక ఎత్తు, పెన్ను ఒక ఎత్తు. ఆ ఫోటోలో నాన్న కుడిచెవి మీద నీలం మూత బాల్‌పెన్ను ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉండేది. రిటైరయ్యాక కూడా పొద్దున స్నానం చేసి, బనియను వేసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, చెవి మీద పెన్ను పెట్టుకుంటే తప్ప ఆయనకు బట్టలు కట్టుకున్నట్టుండేది కాదు. పాలవాడి లెక్కా, కరెంటు బిల్లూ, మనవడి గుణింతాలూ అన్నీ ఆ పెన్నుతోనే. పెన్ను ఆనీ ఆనీ చెవి వెనక చిన్న గాడి పడిపోయింది. ఆ పెన్నును తీసిపారేశాడు. ఎందుకు తీశావంటే "అడ్డంగా ఉంది కదక్కా" అన్నాడు.

ఎవరికి అడ్డం బాబూ?

అసలు ఈ "అడ్డంగా ఉంది" అనే మాట నేను వినడం ఇదే మొదటిసారి కాదు. ఇదే ఫోటోకు, ఇదే పెన్నుకు, హైదరాబాద్‌లో కూడా అక్షింతలు పడ్డాయి. కొన్నాళ్ళు ఆదివారాలు ఒక ఫోటోగ్రఫీ తరగతికి వెళ్ళేదాన్ని. మనం తీసినవి తెర మీద వేసి పెద్దలు గుణదోషాలు చెబుతారు. గుణాలు వాళ్ళ ఫోటోలకు, దోషాలు మనవాటికి. నాన్న ఫోటో తెర మీద పడగానే మా గురువుగారు కుర్చీలోంచి లేచి, లేజరు చుక్కతో నాన్న ముఖమంతా పొడిచారు. వెనక గోడ తెల్లగా కాలిపోయిందన్నారు, అంటే వెలుతురు ఎక్కువై వట్టి తెలుపే మిగిలిందని. చెవి మీది పెన్ను చూపును లాగేస్తోందన్నారు. కంటి కింద వెలుగు త్రికోణంగా పడలేదన్నారు, ఏదో అలాంటి వెలుగులో బొమ్మలు వేసిన పాతకాలపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ మా వసారాలో నిలబడి దీపం పట్టుకోవడం మానేసినట్టు. ఆఖరున తీర్పు: "దీన్ని నలుపు తెలుపులోకి మార్చి, ముడతలు బాగా పైకి తెస్తే పోటీకి పంపొచ్చమ్మా."

గోడ కాలిపోయిన మాట నిజమే. నేనే కాల్చాను! 2018 డిసెంబరు, పొద్దున ఏడున్నర, వీధి తలుపు ఒక రెక్క తీసి ఉంది. వెనక సున్నం గోడ, ముందు నాన్న. కెమెరా లోపలి కొలతకు మనుషులెవరో గోడలేవో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి ఒక నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. తెల్లగోడ ఎక్కువగా కనిపిస్తే "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని అంతా చీకటి చేస్తుంది. అప్పుడు నల్లటి మనిషి ముఖం మసిగుడ్డ అవుతుంది. అందుకని చేత్తో వెలుతురు ఒకటిన్నర స్టాపు పెంచాను, ఒక స్టాపంటే రెట్టింపు. గోడ పోతే పోయింది, మా నాన్న చెంప మీది పొద్దుటి ఎండ దక్కింది. మన ఊళ్ళ పెళ్ళి ఆల్బములు ఒకసారి తిరగేయండి. గుంపు ఫోటోల్లో నల్లటి బంధువులందరూ కళ్ళూ పళ్ళుగా మాత్రమే మిగిలి ఉంటారు. అది వాళ్ళ తప్పు కాదు, తీసినవాడి తప్పు. అయినా ఏళ్ళ తరబడి నవ్వులపాలైంది మాత్రం వాళ్ళే.

ఫిల్ము రోజుల్లో ఇంకా ఘోరం. రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్ళు ల్యాబులకు ఒక తెల్లమ్మాయి ఫోటో పంపేవాళ్ళు, దాన్ని షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆవిడ చర్మం సరిగ్గా వస్తే లోకమంతా సరిగ్గా వచ్చినట్టే. ముదురు గోధుమ రంగులు సరిగా పడటం లేదని చాక్లెట్ కంపెనీలు, కర్ర సామాను కంపెనీలు మొరపెట్టుకున్నాక గానీ వాళ్ళు ఆ రంగుల జోలికి పోలేదట. కుర్చీ గోడు వినిపించింది, కుర్చీలో కూర్చున్నవాడి గోడు వినిపించలేదు.

ఏం చెబుతున్నాను... ఆఁ, ముడతలు.

మన దేశంలో మనిషి ముఖాన్ని పట్టుకునేవాళ్ళు రెండే రకాలు. ముఖాన్ని ఇస్త్రీ చేసేవాళ్ళు, ముఖాన్ని దున్నేవాళ్ళు. స్టూడియోల వాళ్ళూ, ఫోనుల్లో బ్యూటీ మోడ్ పెట్టినవాళ్ళూ మొదటి రకం. పోటీల వాళ్ళు రెండో రకం. ముసలివాళ్ళు కనబడితే చాలు, నలుపు తెలుపు చేసి, గీతలు పెంచి పెంచి, మనిషిని ఎండిపోయిన చెరువు చేస్తారు. దాని కింద "కాలం చెక్కిన శిల్పం" అని ఒక పేరు. ప్రతి ఆదివారం చార్మినార్ దగ్గర ఎంతమంది ఇలా తయారవుతారో చూడండి. బీడీ కాల్చుకుంటున్న తాత ముందు గొంతుకూర్చుని నలభై ఫోటోలు తీస్తారు. తాతా నీ పేరేమిటని ఒక్కడు అడగడు. అడిగితే సహజత్వం పోతుందట!

మా గురువుగారు 1936లో కాలిఫోర్నియాలో అమెరికా ఫోటోగ్రాఫరు డొరోతియా లాంగ్ తీసిన, లోకమంతా తెలిసిన వలస తల్లి ఫోటో గురించి అరగంట చెప్పారు. పిల్లల తలలు, తల్లి చెయ్యి, కూర్పు, త్రికోణం. ఆ తల్లి పేరు మాత్రం చెప్పలేదు. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. నలభై ఏళ్ళకు పైగా ఆ పేరు లోకానికి తెలియదు. తెలిసే నాటికి ఆవిడ చెప్పింది ఏమిటంటే, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు పైసా రాలేదని. ఇది చెబితే మా గురువుగారు "అది వేరే విషయమమ్మా" అన్నారు. అదే అసలు విషయమని నేను అన్నాను. తర్వాతి ఆదివారం నుంచి వెళ్ళలేదు. ఫీజు తిరిగి ఇవ్వలేదు, అది కూడా వేరే విషయమే కాబోలు.

సరే, స్టూడియో నుంచి ఆ కోటు మనిషిని చంకన పెట్టుకుని ఇంటికి వచ్చానా. అన్నయ్య చూసి ఏమన్నాడో తెలుసా? "బాగానే ఉంది కదే! వచ్చేవాళ్ళకు పరువుగా కనిపిస్తుంది. నువ్వు తీసిన దాంట్లో బనియనూ, తువ్వాలూ... ఏం బాగుంటుంది?"

పరువట. ఆ బనియను జీతంతోనే నిన్ను పాలిటెక్నిక్ చదివించింది నాయనా.

అమ్మైనా నా పక్షాన ఉంటుందనుకున్నాను. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ఫోటో దగ్గరికి జరిగి, చాలాసేపు చూసింది. ఎవరీయన అంటుందని ఎదురుచూశాను. "కోటు బాగా అమిరిందే" అంది.

నాకు నోట మాట రాలేదు. అమ్మే చెప్పుకుపోయింది. 1976లో పెళ్ళయిన పది రోజులకు ఇద్దరూ ఫోటో దిగడానికి స్టూడియోకు వెళ్ళారట. అప్పట్లో ప్రతి స్టూడియోలో అద్దం పక్కన దువ్వెన, పౌడరు డబ్బా, మేకుకు ఒక నల్లకోటు ఉండేవి, వచ్చినవాళ్ళందరికీ అదే. నాన్న వేసుకుంటానని ముచ్చటపడ్డారట. అంతకుముందు దిగినవాడి చెమట ఇంకా ఆరలేదని మా తాతయ్య వద్దన్నాడట. "ఆ కోరిక ఆయనకు అలాగే ఉండిపోయింది. ఉండనీ లేవే" అంది అమ్మ. పైగా ఆ రోజు మెడ దాకా పౌడరు రాసుకున్నారని కూడా చెప్పింది. ఆ ఫోటో మా ఇంట్లో ఉంది. అందులో కూడా నాన్న ముఖం చేతుల కంటే రెండు వంతులు తెలుపు. పౌడరు కొంత, మిగతాది టచింగ్ చేసేవాడి చలవ. ఆ రోజుల్లో నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో గీసేవాళ్ళు. పెన్సిలు పడ్డచోట ప్రింటులో తెల్లబడేది. అదైనా ఒక విద్య. కళ్ళు పోగొట్టుకుని చేసేవాళ్ళు. మా నాన్నను టచింగ్ చేసినవాడు పుట్టుమచ్చ జోలికి పోలేదు. ఆ ఫోటోలో మచ్చ ఉంది, ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను.

మీరు ఇప్పుడు ఏమంటారో నాకు తెలుసు. ఆయనకే కోటు ఇష్టమైతే నీకెందుకమ్మా అంటారు. ఇష్టమైతే బతికుండగా కుట్టించి తొడగాలి. నలభై ఏళ్ళలో ఒక్కరికీ గుర్తురాని కోటు, పోయాక ఉచితంగా తొడిగితే ముచ్చట తీరినట్టా? (కుట్టించాల్సిన వాళ్ళలో నేనూ ఉన్నాను. తెలుసు. కామెంట్లలో గుర్తుచేయనక్కర్లేదు.)

అసలు అన్నయ్య మాటకు నాకు ఇంత మంట ఎందుకంటే, ఇది ఇవాల్టిది కాదు. 2002లో నా పెళ్ళిచూపుల ఫోటో స్టూడియోకు తీసుకెళ్ళింది కూడా ఈ అన్నయ్యే. తిరిగి వచ్చిన ఫోటోలో నేను పాలలో నానబెట్టిన అటుకుల్లా ఉన్నాను. కొత్తగా కంప్యూటర్ కొన్న స్టూడియో, సరదా తీర్చుకున్నాడు. ఆ ఫోటో పెళ్ళిళ్ళ పేరయ్య సంచిలో గుంటూరు జిల్లా అంతా తిరిగింది. ఎవరెవరి ఇళ్ళలోనో, కాఫీలు తాగుతూ, ఎవరెవరి బాబాయిలో నా ముక్కును గురించి, నుదుటిని గురించి తీర్మానాలు చేశారు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఆడవాళ్ళను మగవాళ్ళెవరూ చూడకుండా ఆడమనిషి చేతే ఫోటోలు తీయించేవాడు. నిజాంల కాలంలో ఆ మర్యాద దొరికింది. నూట పదేళ్ళ తర్వాత నా ముఖం మాత్రం పేకముక్కలా చేతులు మారింది.

చివరికి ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. "అమ్మాయి ఎండలో ఎక్కువ తిరుగుతుందా?" అని అడిగింది. గది అంతా నిశ్శబ్దం. అన్నయ్య నేల చూస్తున్నాడు. అప్పుడు మా నాన్న లేచి, సరిగ్గా బస్సులో చిల్లర కోసం చాపినట్టు చెయ్యి చాపి, "ఆ ఫోటో ఇలా ఇవ్వండమ్మా. మా అమ్మాయి సరిగానే ఉంది, టికెట్టే తప్పు కొట్టారు" అన్నాడు. ఫోటో తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. మళ్ళీ ఆ ఫోటో ఎవరికీ ఇవ్వలేదు.

ఆ మనిషికి గులాబీ బుగ్గలు పెట్టారు!

ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళు కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు, స్టూడియో కంప్యూటర్లో మాత్రం ముఖం తెల్లబరిచే మీట ఇంకా కుడి చివరి దాకానే జరుగుతోంది. అమెరికా వీసా ఫోటోను ఏ రకంగానూ దిద్దకూడదని నియమం. అంటే మన ముఖం మన ముఖంలాగే ఉండాలని అడిగేది ఈ లోకంలో కాన్సులేటు వాళ్ళొక్కరే అన్నమాట. ఇంట్లో గోడ మీదికి ఎవరైనా సరే, మబ్బుల్లోంచి రావాల్సిందే. ఇంకో మాట. "కృత్రిమ మేధతో చేయిస్తే నాన్నగారు నవ్వుతూ చెయ్యి కూడా ఊపుతారు" అని ఎవరైనా రాశారో, స్నేహితులని కూడా చూడను, తీసేస్తాను. మా బంధువులొకరు ఇప్పటికే వాళ్ళ తాతగారి చేత ఊపించారు. ఆ తాతగారు పక్షవాతంతో పోయిన మనిషి.

స్టూడియో అబ్బాయికి ఇందాక ఫోను చేసి గట్టిగానే అరిచాను. పాపం "సారీ అక్కా, పెన్ను మళ్ళీ పెట్టేస్తాను, గంటలో పంపిస్తాను" అన్నాడు. పెన్ను ఒక్కటే కాదు, అంతా తీసేయమన్నాను. అలాగే అలాగే అన్నాడు.

ఇది రాస్తుండగానే వాట్సాప్‌లో వచ్చింది. తెరిచి చూశాను. పెన్ను పెట్టాడు. కోటు జేబులో.

అమ్మ నా భుజం మీద నుంచి తొంగిచూసి, "బంగారు మూత పెన్ను పెట్టాడే!" అని మురిసిపోతోంది.