రెండు సంతకాలు

మా నాన్న మాకు నేర్పిన ఆర్థిక శాస్త్రమంతా ఒకే ఒక్క మాట. "నోరు జారితే సర్దుకోవచ్చు, సంతకం జారితే సర్దుకోలేం."

ఈ మాట ఊరికే పుట్టలేదు. 1993లో ఆఫీసులో పక్క సీటాయన చీటీ పాడుకున్నాడు. ముందుగా చీటీ ఎత్తుకున్నవాడు మిగతా వాయిదాలు కడతాడని ఇంకొకరు పూచీ ఉండాలి కదా. గవర్నమెంటు ఉద్యోగి షూరిటీ సంతకమంటే చీటీలవాళ్లకి మహా ప్రీతి. నాన్న పెట్టారు. పక్క సీటాయన నాలుగు వాయిదాలు కట్టి అలిసిపోయాడు. మిగిలినవి 22 నెలలపాటు నాన్న జీతంలోంచి కోశారు. ఆ రెండేళ్లూ ఇల్లు నడిచింది అమ్మ పోపుల పెట్టె మీద. ఆవాలు, మెంతులు ఉన్న చిన్న గిన్నెలు పైకి తీస్తే అడుగున నాలుగు మడతల్లో నోట్లుండేవి. ఇంగువ వాసన వేసే ఆ నోట్లతోనే నా స్కూలు ఫీజు కట్టారు.

అప్పట్నుంచి నాన్న ఎవరికీ సంతకం పెట్టలేదు. మా ప్రోగ్రెస్ కార్డు కూడా రెండుసార్లు చదివాకే పెట్టేవారు. అంత జాగ్రత్త మనిషి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా కిటికీ అద్దాలు ఊడబెరికినప్పుడు, తడిసిన బాండ్లన్నీ దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేసి, ఆరాక ఇస్త్రీ చేసి మరీ ఫైల్లో పెట్టారు. షష్టిపూర్తికి అమ్మ మెడలో రెండోసారి తాళి కట్టి, మర్నాడే పోస్టాఫీసుకెళ్లి సీనియర్ సిటిజన్ ఖాతా తెరిచారు. "రెండింటికీ 60 నిండాలి, ఒక్క విడతలో పని అయిపోయింది" అన్నారు.

మొన్న ఆయనకి 70 నిండాయి. భీమరథ శాంతి చేయిద్దామని అమ్మ పంతులుగారికి ఫోన్ చేస్తుంటే, నాన్న ఓ తెల్లకాగితం తీసుకుని వీలునామా మొదలుపెట్టారు.

"అసుర సంధ్యవేళ ఆ రాతలేంటండీ? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

"'నా తదనంతరం' అని రాయకుండా వీలునామా ఎలా రాస్తారే?"

"'నేను ఊరెళ్లాక' అని రాయండి."

"అన్నిటికీ నా పేరే నామినీగా ఉందిగా, మళ్లీ ఇదెందుకు" అని కూడా అంది. నామినీ అంటే బ్యాంకులో డబ్బు అందుకుని వారసులకి అప్పజెప్పే మనిషే తప్ప, అదంతా సొంతం అయిపోదని నాన్న చెప్పారు.

"అంటే నేను పోస్టుమాన్నా?"

"ఇంచుమించు."

ఆ పూట మా ఇంట్లో ఉప్మా వండారు. ఉప్మా అంటే మా ఇంట్లో నిరసన.

వీలునామా లేకపోతే భార్యకి, కొడుక్కి, కూతురికి, తల్లికి సమానంగా వాటా వస్తుందని కూడా నాన్న చెప్పారు. తల్లి అన్న మాట దగ్గర, మూడేళ్లుగా ఏదీ సరిగా వినబడని 91 ఏళ్ల మా మామ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఏట్రా, నాకూ వాటా ఉందేటి? ఉంటే ఇప్పుడే ఇచ్చీ."

రాయడం అంత కష్టం కాలేదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కావలసిందల్లా ఇద్దరు సాక్షులు. నేను పెడతానంటే నాన్న ఒప్పుకోలేదు. "నీకూ రాశాను కదమ్మా. వాటా ఉన్నవాళ్లే సాక్షులైతే రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారు."

బీచ్ రోడ్డులో నాన్నతో పొద్దున్నే నడిచే స్నేహితులిద్దరు సిద్ధపడ్డారు. ఒకాయనకి 78, ఇంకొకాయనకి 81. తెలిసిన లాయరుగారు వద్దన్నారు. రేపు కోర్టుకొచ్చి "అవును, నా కళ్ల ముందే పెట్టారు" అని చెప్పాల్సింది సాక్షులే కాబట్టి, వయసులో చిన్నవాళ్లని చూసుకోమన్నారు.

"అంటే మీకంటే వెనకాల వెళ్లేవాళ్లు కావాలన్నమాట" అని అమ్మ గబుక్కున నాలుక కరుచుకుని, తథాస్తు దేవతల కోసం ఇల్లంతా పసుపు నీళ్లు చల్లింది. చల్లి ఓ షరతు పెట్టింది. వీలునామా అన్న మాట ఎవరి గుమ్మంలోనూ అనకూడదు.

కొంప మునిగింది అక్కడే.

ఆదివారం పొద్దున్న నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని మా అపార్ట్‌మెంట్‌లో తలుపులు తట్టడం మొదలుపెట్టారు. మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "ఓ చిన్న సంతకం కావాలండీ. మీకేం నష్టం లేదు."

ఆలోచించండి. "మీకేం నష్టం లేదు" అన్న మాట మీద ఈ ఊళ్లో ఎన్ని జీతాలు కోతపడ్డాయో!

మూడో అంతస్తాయన కళ్లజోడు కనబడటం లేదన్నాడు. అది ఆయన నుదుటి మీదే ఉంది. నాలుగో అంతస్తాయన "మా ఆవిడ ఊళ్లో లేదండీ, ఆవిడని అడక్కుండా..." అంటుండగా లోపల కుక్కరు మూడు కూతలు కూసి, "ఎవరండీ?" అని ఆవిడే కేకేసింది. వాచ్‌మన్ అయితే రెండు చేతులూ వెనక్కి దాచేసుకున్నాడు. "నానెట్టను బాబూ. మా బావమరిదికి ఓపాలి ఎట్టినాను. బండి పట్టుకుపోనారు."

మధ్యాహ్నానికి అపార్ట్‌మెంటంతా తెలిసిపోయింది, ఐదో నంబరు ఫ్లాటాయన అప్పులపాలయ్యాడని. రెండింటికి కిరాణా కొట్టు కుర్రాడు మా ఖాతా పుస్తకం పట్టుకొచ్చాడు. మూడింటికి పాలబ్బాయి. ఎన్నడూ ఒకటో తారీకుకి ముందు రాని అసోసియేషన్ సెక్రటరీ మెయింటెనెన్స్ రసీదు చించి పట్టుకుని వచ్చి, నాన్న భుజం తట్టి వెళ్లాడు. ఆ భుజం తట్టడం దగ్గరే నాన్న బాగా డీలా పడ్డారు.

సాయంత్రానికి విజయనగరం నుంచి మా అత్త బస్సు దిగింది. చేతిసంచిలో 20 వేలు, ఓ డబ్బా నిండా సున్నుండలు. గుమ్మంలోనే ఏడుపు. "అన్నయ్యా, నాకు పరాయిదానిలా కబురు చెయ్యకపోతివి!" మామ్మ లోపల్నుంచి "అప్పు సేసీసినావా? ముందు నా వాటా తీసి పక్కనెట్టు" అంది.

అసలు సంగతి చెప్పాక అత్త కళ్లు తుడుచుకుని కాగితం ఇటూ అటూ తిప్పి చూసింది. "నాకేం రాయలేదా?"

"రాస్తే నువ్వు సాక్షివి కాకూడదమ్మా."

"అలాగైతే సరే" అని సంతకం పెట్టింది గానీ, సున్నుండల డబ్బా మూత మాత్రం మళ్లీ పెట్టేసింది.

ఇంకొక్కటి. ఏడున్నరకి కాలింగ్ బెల్ మోగింది. ఎదురుగా ఆ పక్క సీటాయన! ముప్పై ఏళ్లకి పైనే అయింది. జుట్టు నెరిసింది, నవ్వు అదే. రైతుబజారులో ఎవరో చెప్పారట, పరామర్శకి వచ్చాడు. "అప్పులన్నాక వస్తుంటాయి సార్, ధైర్యంగా ఉండాలి. ఈ విషయంలో నాకు చాలా అనుభవం ఉంది" అని నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

నాన్నకి ఆయన్ని ఏమనాలో తోచలేదు. నాకు మాత్రం ఒకటే తోచింది. ఈయన నాన్నకంటే ఆరేళ్లు చిన్న.

"మీరో సాక్షి సంతకం..." అన్నాను.

"ఎక్కడమ్మా?" అని జేబులోంచి పెన్ను తీశాడు. ఏమిటని అడగలేదు, చదవలేదు. నాన్న ఆయన ముందే మళ్లీ పేరు రాశారు, ఆయన కింద బర్రున గీశాడు. ఆ రోజు మొత్తమ్మీద సంతకానికి జంకని మనిషి ఆయనొక్కడే. జంకడం మరి, ఎప్పుడూ అవతలివాళ్ల వంతే.

నాన్న మొహంలో 22 నెలల కోత మాఫీ అయిపోయింది. "ఏమోయ్, కాఫీ" అని కేకేశారు. అమ్మ కాఫీ తెచ్చేలోగా ఆయన పెన్ను మూత పెట్టకుండానే చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, టీపాయ్ మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు.

"మావాడు ఓ చీటీ పాడుకున్నాడు సార్. మీకేం నష్టం లేదు..."

అమ్మ కాఫీ ఆయన ముందు పెట్టింది. నాన్న చేతిలోకి వెళ్లబోతున్న పెన్ను తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. పోపుల పెట్టె మూత పడిన చప్పుడు హాల్లోకి వినబడింది.