చట్టం ఉంది కదా అంటే సరిపోదు: చైనా కూలీల కథలో అసలేం జరిగింది

ఒక వాదన తెగ షేర్ అవుతోంది. చైనా కూలీలను ఓడల్లో విదేశాలకు పంపడాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1855లోనే చట్టంతో కట్టడి చేసిందట, ఒప్పందం చదివి వినిపించాకే ఓడ ఎక్కించేవారట, గడువు తీరాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోయేవారట, కాబట్టి దాన్ని బానిసత్వంతో పోల్చకూడదట. మద్రాసు రేవు నుంచి నాటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలో), ఫిజీకి వెళ్లిన మన తెలుగు కూలీల ఊసెత్తినా ఇదే మాట ఎదురవుతుంది. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేను.

ముందు ఆ 1855 చట్టం సంగతి. చైనీస్ ప్యాసింజర్స్ యాక్ట్‌లో మంచి నిబంధనలే ఉన్నాయి, కాదనను. మనిషికి ఇంత చోటు ఉండాలి, ఓడలో డాక్టరు ఉండాలి, బయల్దేరే ముందు అధికారి వచ్చి తనిఖీ చేయాలి. కానీ అది వర్తించింది హాంకాంగ్ నుంచి వెళ్లే ఓడలకు, చైనా రేవుల్లో కూలీలను ఎక్కించుకునే బ్రిటిష్ ఓడలకు మాత్రమే. పక్కనే ఉన్న మకావ్ అప్పట్లో పోర్చుగీసు వాళ్లది. వ్యాపారం అక్కడికి మారిపోయింది. 1847 నుంచి 1874 దాకా క్యూబాకు ఓడ ఎక్కినవాళ్లు సుమారు 1,42,000 మంది, దిగినవాళ్లు సుమారు 1,25,000 మంది. మిగతా వాళ్లలో చాలామంది దారిలోనే చనిపోయారు. 1871లో పెరూకు బయల్దేరిన డాన్ హువాన్ అనే ఓడ మకావ్ దాటిన కొద్ది రోజులకే తగలబడితే, కూలీలు కింది అరలో ఉన్నారు, పైన తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. 500 మందికి పైగా చచ్చిపోయారు.

ఇక "ఇష్టపడే వెళ్లారు" అనే మాట. 1852లో అమోయ్ (ఇప్పటి షియామెన్) కూలీ కొట్టాల్లో (ఓడ ఎక్కించేదాకా కూలీలను ఉంచే షెడ్లలో) మనుషులను బట్టలిప్పి నిలబెట్టి, ఎక్కడికి పంపుతున్నారో దాన్ని బట్టి ఛాతీ మీద అక్షరం వేసేవారు. కాలిఫోర్నియాకైతే సి, పెరూకైతే పి. ఈ సంగతి రాసింది చైనా వాళ్లు కాదు, బ్రిటిష్ అధికారి జాన్ బౌరింగే, అదీ సొంత ప్రభుత్వానికి. ఆ ఏడాదే అమోయ్‌లో జనం తిరగబడితే బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు.

ఒప్పందం చదివి వినిపించే అధికారి మకావ్‌లో కూడా ఉన్నాడు మరి! అయినా 1874లో చైనా ప్రభుత్వం పంపిన చెన్ లాన్‌బిన్ కమిషన్ క్యూబా వెళ్లి 1,176 మంది వాంగ్మూలాలు తీసుకుంటే తేలిందేమిటి? పదిమందిలో ఎనిమిది మంది ఎత్తుకొచ్చినవాళ్లో, మాయమాటలు నమ్మి మోసపోయినవాళ్లో. అధికారి ముందు "నేను వెళ్లను" అన్నవాళ్లను వెనక్కి తీసుకెళ్లి కొట్టిన సంగతులు కూడా ఆ వాంగ్మూలాల్లో ఉన్నాయి. అలా పెట్టించిన వేలిముద్రను చూపించి ఇష్టమంటే ఎలా ఒప్పుకుంటాం?

గడువు తీరాక ఇంటికి వెళ్లారన్నది మరీ అన్యాయం. అప్పట్లో స్పెయిన్ వలసగా ఉన్న క్యూబాలో ఒప్పందం ఎనిమిదేళ్లు, జీతం నెలకు నాలుగు పెసోలు. 1860లో స్పెయిన్ ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు ఏమన్నాయంటే, గడువు తీరినవాడు మళ్లీ ఒప్పందం కుదుర్చుకోవాలి, లేదంటే రెండు నెలల్లో సొంత ఖర్చుతో దీవి వదిలి పోవాలి. నాలుగు పెసోల వాడికి సముద్రం దాటే డబ్బు ఎక్కడిది? ఇక్కడ కూలీని కట్టేసింది ప్రభుత్వం రాసిన నిబంధనే. బ్రిటిష్ వాళ్లు మాత్రం ఏం చేశారు? 1866లో పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) వాళ్ల రాయబారి, ఫ్రెంచి ప్రతినిధి చైనాతో కలిసి ఒక ఒడంబడిక మీద సంతకం పెట్టారు. ఐదేళ్ల ఒప్పందం, ఆ తర్వాత ఉచితంగా తిరుగు ప్రయాణం. కూలీలను పనికి తెప్పించుకునే తోటల యజమానులు ఆ ఖర్చు మేం పెట్టం అన్నారు. లండన్, పారిస్ రెండూ దాన్ని ఆమోదించకుండా పక్కన పడేశాయి.

ఈ కూలీల వ్యాపారాన్ని ఆపింది కూడా ఆ 1855 చట్టం కాదు. చుట్టూ ఒత్తిడి పెరిగాక మకావ్ నుంచి కూలీలను పంపడంపై పోర్చుగల్ 1873 చివర్లో నిషేధం ప్రకటించింది, 1874లో అది అమల్లోకి వచ్చింది.

"అదంతా పాతకాలం, తర్వాత బాగుపడింది" అనేవాళ్లు ట్రాన్స్‌వాల్ (దక్షిణాఫ్రికాలో అప్పటి బ్రిటిష్ వలస) చూడాలి. 1904 చట్టం కింద అక్కడి బంగారు గనులకు 63 వేల మందికి పైగా చైనా కార్మికులను తెచ్చారు. నైపుణ్యం ఉన్న పనులు చేయకూడదు, భూమి కొనకూడదు, పర్మిట్ లేకుండా గని ఆవరణ దాటి బయటికి పోకూడదు. ఇవన్నీ చట్టంలో రాసి పెట్టినవే. మేజిస్ట్రేటు ప్రమేయం లేకుండా కార్మికులను కొరడాతో కొట్టేందుకు బ్రిటిష్ హై కమిషనర్ మిల్నర్ అనుమతి ఇచ్చాడు. అది బయటపడి బ్రిటన్‌లో గగ్గోలు పుట్టింది, 1906 ఎన్నికల్లో పెద్ద అంశమైంది, అదే ఏడాది పార్లమెంటు దిగువ సభ ఆ కొరడా దెబ్బలను ఖండిస్తూ తీర్మానం కూడా చేసింది.