నాచు నుంచి ముందు తీయాల్సింది భాస్వరం

2007 మే నెలాఖరులో చైనాలోని వూషీ నగరంలో కుళాయి తిప్పితే దుర్గంధపు నీళ్లు వచ్చాయి. పక్కనున్న తైహూ సరస్సులో పేరుకున్న నీలి ఆకుపచ్చ నాచు కుళ్లి, సుమారు 20 లక్షల మందికి తాగునీరు లేకుండా చేసింది. సీసా నీళ్ల కోసం జనం దుకాణాలకు పరుగులు తీశారు. ఆ తర్వాత అక్కడ నాచును తోడి ఒడ్డుకు చేర్చడం ఏటేటా తప్పని పనైంది. తోడిన దాన్ని ఏం చేయాలన్నదే చిక్కు. గుట్టగా వదిలేస్తే కుళ్లి, అందులోని పోషకాలు వానలకు మళ్లీ నీటిలోకే దిగుతాయి. అలాగే పొలంలో చల్లుదామంటే, నాచులో ఉండే మైక్రోసిస్టిన్ అనే విషం నీళ్లు మరిగించినా పోయేది కాదు.

ఈ నాచును సూపర్ కెపాసిటర్లకు (విద్యుత్తును చకచకా నింపుకుని, అంతే వేగంగా వదిలే పరికరాలకు), బ్యాటరీలకు పనికొచ్చే కార్బన్‌గా మార్చవచ్చన్న పరిశోధనలు ఆశ పుట్టిస్తున్నాయి. ఆ ఆశకు ఆధారం ఉంది. నాచులో మాంసకృత్తులు ఎక్కువ. వాటిలోని నత్రజని కొంత కార్బన్‌లో నిలిచిపోయి, విద్యుత్తును నిల్వ చేసే గుణాన్ని పెంచుతుంది. అయినా నాచును కేవలం కార్బన్ ముడిసరుకుగా చూడటం పొరపాటని నా అభిప్రాయం. సూపర్ కెపాసిటర్ల కార్బన్‌కు కొబ్బరి చిప్ప ఇప్పటికే స్థిరపడిన ముడిసరుకు. అది పొడిగా ఉంటుంది, బూడిద తక్కువ, ఏడాదంతా దొరుకుతుంది. నాచు ఎండల కాలంలో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అందులో తొంభై శాతం నీరే. దాన్ని ఆరబెట్టడానికే ఇంధనం హరించుకుపోతుంది. కొబ్బరి చిప్పతో పోటీపడి నాచు గెలవలేదు.

కొబ్బరి చిప్పలో లేనిది నాచులో ఒకటుంది, అదే ఎరువులకు కావాల్సిన భాస్వరం. దానికి మూలమైన ఫాస్ఫేట్ శిల ప్రపంచ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలో ఉన్నాయి. దిగుమతి ఆలస్యమైతే ఏమవుతుందో సాగు వేళ డీఏపీ కోసం వరుసలో నిలబడిన మన రైతుకు బాగా తెలుసు. అలాగని నాచు ఎరువుల కొరత తీరుస్తుందని అనడం లేదు. 50 కిలోల డీఏపీ బస్తాలో మూలకంగా లెక్కిస్తే భాస్వరం 10 కిలోలు. నాచు పొడి బరువులో అది మహా అయితే ఒక శాతం. ఒక్క బస్తాకు సరిపడా భాస్వరం రావాలంటే కనీసం పది టన్నుల తడి నాచు కావాలి.

అందుకే పని వరుస ముఖ్యం. నాచును ఎండబెట్టకుండానే, ప్రెషర్ కుక్కర్‌లో లాగా, అధిక పీడనంలో 180 నుంచి 250 డిగ్రీల వేడి మీద ఉడికిస్తే బొగ్గు వంటి పదార్థం వస్తుంది. కాల్షియం, ఇనుము వంటివి తగినంత ఉంటే భాస్వరం ఎక్కువ భాగం ఆ బొగ్గును పట్టుకుని ఉంటుంది. నత్రజని చాలావరకు నీటిలోకి చేరుతుంది. ఆ బొగ్గును ఆమ్లంతో కడిగితే భాస్వరం దిగుతుంది, దాంతో పాటే బూడిదా తగ్గుతుంది. బ్యాటరీలో విద్యుత్తు వచ్చిపోయే భాగమైన ఎలక్ట్రోడ్‌కు బూడిదే శత్రువు కనుక, ఎరువు కోసం చేసిన కడుగుడు కార్బన్‌కూ మేలు చేస్తుంది. ఈ ప్రక్రియలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. కడిగిన ద్రావణానికి, ఉడికించిన నీటిలోని అమోనియాకు మెగ్నీషియం కలిపి, ఆమ్లత్వం తగ్గిస్తే స్ట్రువైట్ అనే స్ఫటికం పేరుకుంటుంది. అది నెమ్మదిగా కరిగే ఎరువు. అలా కాక, కార్బన్ ఒక్కటే చాలనుకుని పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో కాల్చి, కడిగి పారబోస్తే భాస్వరం మురుగులో కలుస్తుంది.

ఇక హుస్సేన్‌సాగర్ వంటి చోట, పరిశ్రమల వ్యర్థజలాలు దశాబ్దాల పాటు చేరిన నీటిలో పెరిగిన నాచు నుంచి ఎరువు తీస్తే, భార లోహాల పరీక్ష లేకుండా దాన్ని పొలానికి పంపకూడదు.

తైహూ సగటు లోతు సుమారు రెండు మీటర్లే. గాలి గట్టిగా వీస్తే అడుగు బురద లేచి, అందులోని భాస్వరం మరుసటి నాచుకు మేత అవుతుంది. ఒడ్డుకు తెచ్చిన ప్రతి కిలో భాస్వరం తిరిగి సరస్సులోకి వెళ్లకపోవడమే మొదటి రాబడి. అది కార్బన్ అమ్మకపు ఖాతాలో కనిపించదు. అందుకే నాచు నుంచి భాస్వరం తీసే ఖర్చు భరించాల్సింది ఆ నీరు తాగే నగరమే, బ్యాటరీ కంపెనీ కాదు.