యాన్ గారికీ, ఆయన తమ్ముడు ‘ఏ’కీ ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ యాన్ గారికి, చిరంజీవి ‘ఏ’కి,

ఉభయకుశలోపరి. ఇంగ్లీషు మాటల ముందు కూర్చునే ఆర్టికల్స్ (an, a) మీరిద్దరూ. మీకు తెలుగు నోళ్ళన్నిటి తరఫునా రాస్తున్న ఉత్తరం ఇది.

మీలో ఒకరిది ఒకే అక్షరం, ఇంకొకరిది రెండు. అయినా బిట్ పేపర్లో ఒక ఖాళీ గీత గీసి పక్కన మీ ఇద్దరి పేర్లూ పెడితే డిగ్రీ చదివినవాడు కూడా పెన్ను మూత నమలాల్సిందే. మాకు మీ అవసరం ఎప్పుడూ పడలేదు. కుక్క వచ్చిందంటే కుక్క వచ్చింది, అంతే. మరీ కావాలంటే ‘ఒక’ ఉంది. ఎలుక ముందైనా పిల్లి ముందైనా వేషం మార్చకుండా నిలబడుతుంది, పాపం.

మీ గురించి బడిలో మాకు నూరిపోసిన సూత్రం ఇది: ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే 5 అక్షరాల ముందు యాన్, మిగతా 21 ముందు ‘ఏ’. యూనివర్సిటీ గేటు దాకా బాగానే నడుస్తుంది, అక్కడ కూలబడుతుంది. యూనిఫాం, యూరోపియన్, యూస్‌ఫుల్, వన్ రూపీ నోట్... రాతలో ఇవన్నీ అచ్చులే. నోట్లో మాత్రం య, వ. కాబట్టి ‘ఏ’. అటు చూస్తే గంటని చెప్పే అవర్, నిజాయితీపరుడి ఆనెస్ట్, గౌరవం తాలూకు ఆనర్, వారసుడనే ఎయిర్. వీటి మొదట్లో హెచ్ రాస్తారు, పలకరు. కాబట్టి యాన్. ఇలాంటి మూగ హెచ్ కుటుంబాలు ప్రధానంగా ఈ నాలుగే, ఆనరరీ లాంటివి వాటి సంతానమే. అమెరికాలో మందుమొక్కని ‘ఎర్బ్’ అంటారు కనుక అక్కడ ఐదోది కూడా ఉంది. అన్న డల్లాస్‌లో, చెల్లి లండన్‌లో ఉన్న ఇంట్లో ఒకే తులసి మొక్క ఇతనికి ‘యాన్ ఎర్బ్’, ఆమెకి ‘ఏ హెర్బ్’. ఇద్దరూ ఒప్పే.

కొలత అక్షరం కాదు, శబ్దం అని తర్వాతెప్పుడో ఎవరో చెప్తారు. మా అసలు ఫిర్యాదు ఇక్కడే. ఎవరి నోటి శబ్దం?

మాది ‘ఎక్కడ’ అని రాసి ‘యెక్కడ’ అనే నోరు. ‘ఒకటి’ అని రాసి ‘వొకటి’ అంటుంది. యాపిల్, యాక్టర్, యాసిడ్, యాడ్, అన్నిటికీ ముందు ఒక య తగిలిస్తుంది. అంతెందుకు, పెద్దవారు మీ పేరే ‘యాన్’ అని రాస్తున్నాం, గమనించారో లేదో. శబ్దమే ప్రమాణమైతే, య హల్లే అయితే, ‘ఏ యాపిల్’ అని రాసిన పిల్లవాడు మీ సూత్రాన్ని అక్షరాలా పాటించాడు. వాడికి దక్కేది ఎర్ర సిరా సున్నా. ఇక య, వ నిజంగా ఉన్నచోట మేం మింగేస్తాం. స్త్రీ ‘ఉమన్’ అవుతుంది, ఉన్ని ‘ఊల్’ అవుతుంది. చెవి అయినా సంవత్సరం అయినా మాకు ‘ఇయరే’. చెవికి యాన్, సంవత్సరానికి ‘ఏ’ అని మీరు తేల్చారు. అందుకే మా నోటీసుల్లో, సర్క్యులర్లలో ఫీజు ‘ట్వైస్ యాన్ ఇయర్’ కట్టమని కనిపిస్తుంది. అంటే చెవికి రెండుసార్లు.

దీనికి మందు డిక్షనరీలో ఉంది. మాట పక్కన రెండు వాలుగీతల మధ్య ఉచ్చారణ వేస్తారు. బ్రిటిష్ డిక్షనరీల్లో మొదటి గుర్తు ‘జె’ అక్షరంలా ఉంటే అది జ కాదు, య. సంవత్సరానికి ఆ గుర్తు ఉంటుంది, చెవికి ఉండదు. యాపిల్ దగ్గర ఏ, ఈ అక్షరాలు అతుక్కుపోయినట్టున్న గుర్తు కనిపిస్తుంది. అది అచ్చు. అంటే మన య అక్కడ లెక్కలోకి రాదు.

శబ్దం తేలాక తెలుగువాడికి ఇంకో సులువైన పరీక్ష ఉంది. యాన్‌ని పొట్టిగా ‘అన్’ అనుకుని తర్వాతి మాటతో కలిపి ఒకే ఊపిరిలో అనాలి. న కి గుణింతం పడితే అన్నగారు నిలుస్తారు: అనెగ్, అనవర్, అనంబ్రెల్లా. న కింద ఒత్తు పడితే తమ్ముణ్ణి పిలవాలి: అన్యూనిఫాం, అన్వన్. ‘హాఫెనవర్’ అని రోజూ అంటూనే ఉన్నాం కదా, అదే ఇది. నిజానికి మీ ఎత్తుగడ మాకు హైస్కూల్లోనే తెలుసు. ఉచితం కానిది అనుచితం, ధర్మం కానిది అధర్మం. నఞ్ సమాసంలో అచ్చు ఎదురైతే ‘అన్’, హల్లు ఎదురైతే ‘అ’. తెలుగు మాస్టారు చెప్పిందే ఇంగ్లీషు మాస్టారు ఇంకో పీరియడ్‌లో మళ్ళీ చెప్పారు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

పొడి అక్షరాల దగ్గర మీ దొంగాట మరీ ఎక్కువ. ఎల్కేజీ పిల్లవాడు ‘యాన్’, యూకేజీకి పోగానే ‘ఏ’. పైతరగతికి పోయినందుకా ఈ కోత? 26 అక్షరాల పేర్లలో అచ్చుతో మొదలయ్యేవి 12: ఏ, ఈ, ఎఫ్, హెచ్ (ఇంగ్లీషువాళ్ళ నోట ‘ఏచ్’), ఐ, ఎల్, ఎం, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్. యూ ఇందులో లేదు. కనుక ఎస్సై, ఎఫ్‌ఐఆర్, ఎన్నారై, ఎంబీబీఎస్ డాక్టరు అన్నగారి వాటా. డీఎస్పీ, సీఐ, యూపీఎస్సీ పరీక్ష తమ్ముడి వాటా. విడిగా కాక మాటలా పలికేవాటికి ఈ లెక్క చెల్లదు. ఎస్సెమ్మెస్ ముందు యాన్, సిమ్ కార్డు ముందు ‘ఏ’. ఎన్జీవో ముందు యాన్, నాసా శాస్త్రవేత్త ముందు ‘ఏ’.

అంకెల సంగతీ అంతే. 8, 11, 18, 80 నుంచి 89, 800లు అన్నగారివి. 1, 100 ‘వన్’తో మొదలవుతాయి కనుక తమ్ముడివి. అందుకే 11 కేవీ లైనుకి యాన్, 33 కేవీ లైనుకి ‘ఏ’. 1800ని ‘ఎయిటీన్ హండ్రెడ్’ అంటే ఒకరు, ‘వన్ థౌజండ్ ఎయిట్ హండ్రెడ్’ అంటే ఇంకొకరు.

పైగా మీకు బంధువుల మీద అభిమానం లేదు, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళతోనే చేతులు కలుపుతారు. గొడుగు ముందు యాన్. అది నల్ల గొడుగైతే, మధ్యలో ‘బ్లాక్’ దూరింది కనుక ‘ఏ’. ఎమ్మెల్యే ముందు యాన్. ఓడిపోయి ‘ఫార్మర్ ఎమ్మెల్యే’ కాగానే ‘ఏ’. ‘ఎక్స్ ఎమ్మెల్యే’ అని బోర్డు మార్పించుకుంటే మళ్ళీ యాన్! పదవి రాకపోయినా ఆర్టికల్ తిరిగొస్తుంది.

ఇంత చేసేవాళ్ళ చరిత్ర తవ్వకుండా ఉంటామా? పెద్దవారు యాన్ గారే. పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే అర్థంతో పుట్టారు. సుమారు 12వ శతాబ్దం నుంచి హల్లుల ముందు న రాలడంతో చిరంజీవి ‘ఏ’ తయారయ్యాడు. 1611 నాటి బైబిలు అనువాదంలో ఇంకా ‘యాన్ హండ్రెడ్’, ‘యాన్ హౌస్’ కనిపిస్తాయి. ఈ పంపకాల్లో జరిగిన దొంగతనాలూ తక్కువేం కాదు. ఏప్రన్ ఒకప్పుడు ‘నేప్రన్’, ఆడర్ పాము ‘నాడర్’. ‘ఏ నేప్రన్’లో న ని అన్నగారు లాక్కున్నారు. బదులుగా ‘యాన్ ఈక్‌నేమ్’లో ఆయన న ఊడి ‘నిక్‌నేమ్’ అయింది. ఆరెంజ్ న కూడా మీరే కాజేశారని కొందరంటారు. అది ఇటలీ, ఫ్రాన్స్ దారిలోనే పోయింది, కనుక ఆ కేసు మీ మీద పెట్టడం లేదు. మా నారింజలో మాత్రం భద్రంగా ఉంది.

చివరగా హెచ్ సంగతి. ఆ అక్షరం పేరు మాకు ‘హెచ్’. ప్రామాణిక బ్రిటిష్ ఉచ్చారణలో ‘ఏచ్’, మొదట అచ్చు. ‘హేచ్’ అనేవాళ్ళు ఐర్లండులోనూ ఉన్నారు, మేం ఒంటరివాళ్ళం కాదు. రాతలో మాత్రం ‘యాన్ హెచ్ఆర్ మేనేజర్’ అనే రాస్తారు. సరే, రెజ్యూమేలో యాన్ అనే రాస్తాం. ఇంటర్వ్యూలో నోటితో ఏమంటామో మీరు వినకండి.

ఇట్లు
తెలుగు నోళ్ళు

తాజాకలం: అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, న్యూస్ లెక్కపెట్టే వస్తువులు కావట. అందుకని వాటి ముందుకి మీ ఇద్దరూ రారట. అడ్వైస్ కావాల్సినవాళ్ళు ‘ఏ పీస్ ఆఫ్’ అని తమ్ముడి చేత సిఫారసు చేయించుకోవాలి. మొదట్లో నిక్షేపంలాంటి అచ్చు ఉన్నా పెద్దవారికి ప్రవేశం లేదు. దీనిమీద అన్నగారి అభిప్రాయం తిరుగు టపాలో తెలియజేయగలరు.