కమాన్ కట్టలవాడు తన ఆర్థోపెడిక్ పరుపుకి రాసుకున్న లేఖ

అజిత్‌సింగ్‌నగర్,
విజయవాడ.

మహారాజశ్రీ ఆర్థోపెడిక్ పరుపు గారి దివ్య సముఖమునకు,

ఆటోనగర్‌లో లారీలకి కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, వేసి పొట్టపోసుకునేవాడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ నా నడుము తప్ప తక్కిన అందరం క్షేమం. తమరు పగలూ రాత్రీ పడుకునే ఉంటారు కాబట్టి తమ క్షేమం గురించి వేరే అడగక్కర్లేదు.

ఈ 'తమరు' ఇక్కడితో సరి. ఏడాదికి పైగా ఒకే మంచం మీద ఉంటున్నవాళ్ళం, ఇకమీదట నువ్వు అనే అంటాను. ఏమీ అనుకోకు. నువ్వేమనుకున్నావో నాకు ఎలాగూ పొద్దున్నే తెలిసిపోతుంది, పళ్ళు తోముకుని పుక్కిలిద్దామని వాష్‌బేసిన్ మీదికి వంగబోయి అక్కడే ఆగిపోయినప్పుడు.

నువ్వు మా ఇంటికి ముచ్చటపడి పిలిస్తే వచ్చినదానివి కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకొచ్చింది. నీళ్ళు తీశాక చూస్తే మా పాత బూరుగుదూది పరుపు మంచం మీదే ఉంది, ఎక్కడికీ పోలేదు. అదే వచ్చిన చిక్కు. నలుగురం పట్టినా లేవలేదు. నీళ్ళు తాగిన దూది ఎంత బరువుంటుందో లోడు లెక్కలు చూసే నాకే అందలేదు. చివరికి కూరగాయల కత్తిపీటతో మధ్యకి కోసి, రెండు ముక్కలు చేసి బయటికి ఈడ్చాం. ఆ వారం సింగ్‌నగర్‌లో ఏ గుమ్మం ముందు చూసినా పరుపులే. ఎవరింట్లో ఎంత మెత్తగా పడుకునేవాళ్ళో వీధి వీధంతా తెలిసిపోయింది.

ఆ పాతది మా పెళ్ళికి సత్తెనపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఏకించి కుట్టించింది. దూది ఏకే ముసలాయన వసారాలో కూర్చుని, ఏకుతూ ఏకుతూ, "ఎవరికమ్మా పరుపు?" అనడిగాడు. మా అత్తగారు నన్ను చూపించింది. ఆయన నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, "నడుం కాడ రెండు దోసిళ్ళు ఎక్కువెయ్యాలి, అల్లుడుగారు బరువే" అన్నాడు. కొత్త పెళ్ళికొడుకుని, సిగ్గేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నా జన్మలో నా లోడు అడిగి పరుపు చేసినవాడు ఆయనొక్కడే.

నిన్ను అమ్మినవాడు ఏమడిగాడో నీకూ గుర్తుండే ఉంటుంది, అక్కడే ఉన్నావుగా. "సైజు ఎంత సార్? బడ్జెట్ ఎంత సార్?" అంతే. ఎంత బరువుంటారు, వెల్లకిలా పడుకుంటారా పక్కకి తిరిగి పడుకుంటారా, పక్కన ఇంకెవరు పడుకుంటారు, ఊహూఁ. "నడుం నొప్పికి ఆర్థోపెడిక్కే సార్, గట్టిగా ఉంటుంది" అని పిడికిలితో నీ నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. కొబ్బరికాయల కొట్లో కాయ వాయించినట్టు నువ్వు 'టక్ టక్' మన్నావు. "పడుకుని చూడండి సార్" అన్నాడు. చెప్పులు కాళ్ళకుండగానే, పాదాలు అంచు బయటికి పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని పడుకున్నాను. ఏసీ ఇరవైలో ఉంది. చుట్టూ మా ఆవిడ, సేల్స్ కుర్రాడు, ఊరికే నిలబడ్డ వాచ్‌మన్. అంతమంది నిలబడి పైనుంచి చూస్తుంటే మనిషికి ఏ నిద్ర గుర్తొస్తుందో వేరే చెప్పాలా? మూడు నిమిషాల్లో లేచి, "బాగుంది" అన్నాను. అక్కణ్ణుంచి లేవడమే బాగుంది.

మా ఆటోనగర్‌లో ఇలా చేస్తే చెప్పుతో కొడతారు. బండి రాగానే మేమడిగే మొదటి మాట: ఏం లోడు? ఇసుకా, కంకరా, ధాన్యమా? టిప్పర్‌కి వేసే కట్ట చిన్న ట్రాలీ ఆటోకి బిగించామనుకో, గుంత గుంతకీ డ్రైవరు తల టాపుకి తగులుద్ది. పోనీ మెత్తగా ఉంటుందని తక్కువ పట్టీలేసి కంకర ఎత్తామనుకో, కట్ట వెనక్కి తిరగబడుద్ది. అందుకే లారీకి వెనక పెద్ద కట్ట మీద హెల్పర్ పట్టీలని వేరే వేస్తాం. ఖాళీ బండికి అవి తగలవు. లోడెక్కి కట్ట కిందికి దిగినప్పుడు మాత్రమే వచ్చి భుజం పడతాయి. తేలిక్కి మెత్తన, బరువుకి గట్టి. ఇంతే విద్య. ఐదో తరగతితో ఆపేసిన మా మేస్త్రీకి తెలిసిన ఈ సంగతి నిన్ను తయారుచేసినవాళ్ళకి ఎందుకు పట్టలేదో?

నిన్ను నేను నిందించడం లేదు, విను. రుజువుంది.

మా అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతోంది. ఒకరోజు పొద్దున నా మూలుగులు వినలేక, "నాన్నా, చొక్కా విప్పి పక్కకి తిరిగి పడుకో" అంది. వాళ్ళమ్మ బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి, మెడ దగ్గర మొదలుపెట్టి వెన్నుపూసల వెంబడి ఒక్కొక్కటీ అంటించుకుంటూ తోకపూసదాకా వచ్చింది. ఎర్రవి అయిపోతే మెరూన్ రంగువి. ఫోటో తీసి చూపించింది. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు ఆ బిళ్ళలన్నీ తాపీమేస్త్రీ తాడు పట్టినట్టు ఒకే వరసలో ఉండాలట. నావి చూస్తే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు. భుజాన్నీ తుంటినీ నువ్వు రవ్వంత కూడా కిందికి దిగనివ్వలేదు, అవి ఎత్తున నిలిచిపోయాయి. ఆ రెంటికీ మధ్య నా నడుం గాల్లో వేలాడుతోంది. మా అమ్మాయి నా నడుం కింద నుంచి చెయ్యి పెడితే, ఫ్లైఓవర్ కింద ఆటో పోయినట్టు, అటు నుంచి ఇటు దూసుకుపోయింది.

"ఎత్తున్నచోట దిగాలి, లోతున్నచోట పైకొచ్చి పట్టుకోవాలి, దాన్ని సపోర్టంటారు నాన్నా. గట్టిగా ఉండటాన్ని కాదు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. 2003లో లాన్సెట్ అనే వైద్యుల పత్రికలో స్పెయిన్‌వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చిందట. ఎన్నాళ్ళుగానో నడుం నొప్పితో ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజుల తర్వాత చూస్తే, మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గిందట. అది అచ్చయి ఇరవయ్యేళ్ళు దాటింది. మా బందరు రోడ్డు పరుపుల కొట్ల దాకా ఇంకా రాలేదు. ట్రాఫిక్‌లో ఎక్కడ ఇరుక్కుందో.

డెన్సిటీ సంగతీ అంతే. "నలభై డెన్సిటీ సార్, అంత గట్టిదనం" అన్నాడు ఆ కుర్రాడు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు నురగ ఎన్ని కిలోలు తూగుతుందనే లెక్క. అది ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్తుంది. గట్టిదనానికి వేరే కొలత ఉంది, గుండ్రటి పళ్ళెంతో మందంలో నాలుగో వంతు లోతుకి నొక్కడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. ఇనుము బరువు చెప్పి ఇదే స్ప్రింగు బలం అంటే మా దగ్గర పాత ఇనుము కొట్టువాడు కూడా నమ్మడు.

ఒకరోజు జిప్పు తీసి నీ కడుపులో ఏముందో చూశాను, తప్పే. గులాబీ, నీలం, ఆకుపచ్చ, పసుపు ముక్కలన్నీ జిగురేసి కలిపి నొక్కిన దిమ్మ. అచ్చం టూటీఫ్రూటీ కేకు. కత్తిరించగా మిగిలిన నురగ ముక్కలతో చేస్తారట, రీబాండెడ్ అంటారట. పైన మెమరీ ఫోమ్ అని ఒక్క అంగుళం పొర, పెరుగన్నం మీద దానిమ్మ గింజల్లాగా. అదేమో 1966లో అమెరికావాళ్ళ నాసా కోసం పుట్టిందట, విమానం సీట్లో కూర్చున్నవాడికి దెబ్బ తగలకుండా. ఒంటి వేడికి మెత్తబడటం దాని గుణం. చల్లటి దేశాల్లో ఒంటి వేడి ఒక్కటే ఉంటుంది. మా బెజవాడలో మే నెలలో ఒంటికంటే గోడలు వేడి. నేను పడుకోకముందే అది మెత్తబడి, నేను పడుకున్నాక నా వేడి నాకే తిరిగిచ్చేది. ఏసీ రిమోట్ కోసం చెయ్యి చాపితే నడుం పట్టేసేది.

ఇంతకీ ఆ మెమరీ ఎవరిదనుకున్నావు? నా ఆకారం నువ్వు గుర్తుపెట్టుకుంటావని వాడు చెప్పాడు. మా అమ్మాయి నవ్వింది. నీకు గుర్తుండాల్సింది నీ ఆకారమట. నేను లేచాక మెల్లగా మళ్ళీ నువ్వులా నువ్వు అవ్వడమే ఆ మెమరీ. నువ్వు తిరగేసి నేర్చుకున్నావు. నా ఆకారం పట్టుకుని కూర్చున్నావు, నీది మర్చిపోయావు. నేను పడుకునేచోట గుంత పడింది.

ఆ గుంత కోసమే వారంటీకి ఫోన్ చేశాను. పది రోజులకి ఒక కుర్రాడొచ్చాడు. బూట్లు విప్పి, బుద్ధిగా లోపలికొచ్చి, నీ మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి దారం లాగి పట్టుకోమని మా ఆవిడకి ఒక కొస ఇచ్చాడు. గుంతలో ఇనుప స్కేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"ముప్పావు అంగుళం సార్. అంగుళం దాటితేనే వారంటీ."

"ఉండు బాబూ, ఇప్పుడు కొలువు" అని వెళ్ళి గుంతలో పడుకున్నాను.

"అలా కాదు సార్, మనిషి లేనప్పుడే కొలవాలి. రూలు."

ముప్పై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నా, లోడు దింపి కమాన్ చూసి బాగుంది పొమ్మన్న మెకానిక్‌ని నేను చూడలేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఏ కట్టయినా దర్జాగానే ఉంటుంది. ఈ మాటే వాడితో అంటే, "నిజమే సార్, కానీ మా ఫారంలో ఆ కాలమ్ లేదు" అన్నాడు. పాపం, మంచి కుర్రాడు. కాఫీ తాగి, దారం చుట్టుకుని వెళ్ళాడు. పావు అంగుళం కోసం ఇంకెన్ని రాత్రులు పడుకోవాలో వాడే లెక్క కట్టి చెప్పినా బాగుండేది.

మొన్న హైదరాబాదు నుంచి మా బావమరిది వస్తే ఉండవల్లి గుహలకి తీసుకెళ్ళాను. అనంతపద్మనాభస్వామి ఎదురుగా అందరూ దణ్ణం పెట్టుకుంటున్నారు, నా కళ్ళు మాత్రం ఆదిశేషుడి మీద. చుట్ట మీద చుట్ట, పట్టీ మీద పట్టీ, సాక్షాత్తూ కమాన్ కట్ట! పైగా ప్రాణమున్నది. బరువున్నచోట దిగుతుంది, సందున్నచోట పొంగుతుంది. తలాపి కూడా దానిదే, పడగ నీడా దానిదే. తొలి ఏకాదశికి నడుం వాల్చిన స్వామి కార్తీకంలో గానీ లేవడు. నాలుగు నెలలు ఒకటే పడక. ఆయనకి నడుం పట్టేసిందనీ, లక్ష్మీదేవి జండూబామ్ రాసిందనీ ఏ పురాణంలోనూ వినలేదు. ఇదంతా మా బావమరిదికి చెప్తే, "చెక్కింది రాతిలోనేగా బావా, అంటే ఆర్థోపెడిక్కే" అన్నాడు. వెధవకి నడుం నొప్పి లేదు.

మా అమ్మ నిన్ను ఏనాడూ లెక్కచెయ్యలేదు. వరండాలో తన నులక మంచం తనది. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదురా" అంటుంది. ఆ సామెత కట్టినవాడికి యాభై మూడేళ్ళు నిండి ఉండవు. నులక మంచమేమీ గొప్పది కాదని నాకూ తెలుసు, నడిమి కిందికి ఉయ్యాలలా దిగిపోతుంది. మా అమ్మకీ నడుం నొప్పి ఉంది, ఒప్పుకోదు. కానీ వదులైనప్పుడల్లా కాళ్ళ వైపు తాడు పట్టుకుని లాగి బిగిస్తాను. పోయిన ఆదివారం బిగిస్తుంటే అడిగింది, "దీనికి తాడుంది, నీ పట్నం పరుపుకి బిగించేది ఎక్కడుందిరా?" అని. నీ చుట్టూ నాలుగు వైపులా తిరిగి చూశాను. ఒక లేబుల్ ఉంది. 'ఉతకరాదు, ఎండలో వేయరాదు, మడవరాదు' అని ఉంది.

కాబట్టి నా విన్నపం చిన్నది. నిన్ను మార్చమని అడగను, ఆ పావు అంగుళం సంగతి నేనూ నా తుంటీ చూసుకుంటాం. ఈలోగా మా ఆవిడ పాత చీరలతో కుట్టిన బొంత నాలుగు మడతలేసి నడుం కింద దూర్చుకుని పడుకుంటున్నాను. అది నా హెల్పర్ పట్టీ. బొట్టుబిళ్ళలు మళ్ళీ అంటిస్తే ఘాట్ రోడ్డు కాస్తా ఏలూరు కాలవగట్టంత అయింది. నీ తర్వాత పుట్టబోయే నీ తమ్ముణ్ణి మాత్రం ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషి లోడు అడిగి చెయ్యమని మీ ఫ్యాక్టరీవాళ్ళతో చెప్పు. వాళ్ళు అడగరు కాబట్టి నేనే పంపుతున్నాను.

ఇట్లు,
నీ ఎడమ పక్క గుంత

జత: పాత ఇనుము కొట్టు కాటా చీటీ ఒకటి. దంపతులిద్దరం కలిపి 151 కిలోలు. విడివిడిగా రాయబోతే మా ఆవిడ కలం లాక్కుంది.