కల్లు తాగి మరచిపోతే డెల్టాలో కూడు దొరకదు

గోదావరి డెల్టా నేపథ్యంగా ప్రళయానంతర నవల రాయాలనుకునేవారికి సలహా అంటూ ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. లోకం అంతమైనా కోనసీమకు లోటు లేదట. కాలువలో చేప, చెట్టుకు కొబ్బరి, తాటికి కల్లు ఉండనే ఉంటాయట. మిగిలిన నలుగురూ ఆ కల్లు తాగి, జరిగినదంతా మరచిపోయి హాయిగా బతుకుతారట. మనకు ఎలాగూ ప్రళయం తెలియదు కనుక ఏదైనా ఊహించుకోవచ్చట. ఇది రాసిన పెద్దమనిషి పాపికొండల లాంచీ ఎక్కి వెనక్కి వెళ్లినవారై ఉంటారు.

ప్రళయం తెలియదన్న మాట ముందు చూద్దాం. 1789లోను, 1839లోను ఉప్పెన కోరంగి రేవును ముంచెత్తింది. ఓడలు కట్టిన ఆ ఊరి పేరు చెబితే ఇప్పుడు మడ అడవులే గుర్తొస్తాయి. 1996 నవంబరు 6 తుఫానుకు కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. చెట్టుకు కొబ్బరి ఉండనే ఉంటుందన్నవారికీ ఇదే జవాబు.

ఇక కాలువ. అది దానంతట అదే పారదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఈ నేల అన్నపూర్ణ అయింది. ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. దించి వదిలేస్తే వరదకు ప్రమాదం, ఎత్తి వదిలేస్తే వేసవిలో కాలువలు ఎండుతాయి. 1986 ఆగస్టులో అక్కడ వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గుర్రపుడెక్క తీసేవారు లేకపోతే మురుగు కాలువలు పూడి, చేలు నీట మునుగుతాయి.

కల్లు సంగతి మరీ విడ్డూరం. తాటిచెట్టు కల్లు పోయదు, గీత కార్మికుడు తీస్తాడు. మోకు వేసుకుని ఎక్కి, గెలను మెత్తబడేలా కొట్టి, కొసను రెండు పూటలా పలచగా చెక్కి, లొట్టి కట్టాలి. కొన్ని రోజులు మానేస్తే కోత ఎండి ధార ఆగిపోతుంది. కత్తి లోతుగా దిగితే గెల పాడవుతుంది. ఇవన్నీ చేతికి గుర్తుండాల్సిన సంగతులు. పైగా నిల్వ ఉండదు. గాలిలోని ఈస్టు పట్టి గంటల్లోనే పులుస్తుంది, మర్నాటికి పుల్లబారుతుంది. అంటే, మరచిపోవడానికి తాగాలన్నా ఒకరు మరచిపోకుండా ఉండాలి.

తాగితే కూడా పాత భయం చెరగదు. మద్యం ముఖ్యంగా దెబ్బతీసేది కొత్త జ్ఞాపకం ఏర్పడడాన్ని. రాత్రి ఏం చేశాడో తెల్లవారి గుర్తుండదు కానీ ఉప్పెనలో కొట్టుకుపోయిన పిల్ల ముఖం గుర్తుంటుంది. నిద్ర చెడి ఆ ముఖం మరీ వేధిస్తుంది. అలవాటు ముదిరినవారికి హఠాత్తుగా ఆపేస్తే వణుకు, మూర్ఛలు, లేనివి కనిపించడం. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూసి ఉన్నప్పుడు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. హాయి అంటే ఇదేనా?

కల్లు కలిపితే చెరువు నీళ్లు శుభ్రమవుతాయని కూడా ఆ సందేశంలో ఉంది. కల్లులో ఆల్కహాలు సుమారు 5 శాతం. క్రిములను చంపడానికి 60 శాతమైనా కావాలి. నీళ్లు కాచుకోండి.

నవలకు పనికొచ్చే సరుకు వేరే చోట ఉంది. ఏళ్ల తరబడి తాగుడు, పాలిష్ బియ్యం తప్ప వేరే తిండి లేకపోవడం కలిస్తే శరీరంలో బి1 విటమిన్ అడుగంటుతుంది. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ వైద్యుడు కోర్సకోఫ్ వర్ణించిన జబ్బు అలా వస్తుంది. రోగి జ్ఞాపకంలోని ఖాళీలను జరగని సంగతులతో నింపుతాడు, వాటిని తానే నమ్ముతాడు. వరద వస్తుంటే తూము తలుపులు నిన్ననే దించేశానని ఒట్టు వేసి చెప్పే లస్కరును, అంటే కాలువ కాపలాదారును, ఊహించండి. అతనిది మోసం కాదు. అతని మాట నమ్మి గట్టు దిగువనే ఉండిపోయిన నలుగురి కథ రాయవచ్చు. వాళ్లు హాయిగా బతికారని మాత్రం రాయలేరు.